అమ్మిన తరువాత చూసేదెవరు? ప్రభుత్వ సంస్థల విక్రయాలపై బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర మంత్రులకు, ప్రభుత్వ రంగ సంస్థల వ్యవహారాలు చూసే కార్యదర్శులకు, ఆ సంస్థలకు విలువ కట్టే సలహాదారులకు,

నమస్కారం.

నేను కర్నూలు జిల్లా పడమటి ప్రాంతంలో ప్రభుత్వం నడిపిన ఒక నూలు మిల్లులో స్టోర్ కీపరుగా పనిచేశాను. 1984లో చేరాను. 2003లో మిల్లును ప్రైవేటు వారికి అమ్మారు. మా బకాయిల గురించి, అమ్మకం షరతుల గురించి అప్పటి నుంచి పదకొండు అర్జీలు పెట్టాం. పదకొండింటికీ రసీదులు ఉన్నాయి. జవాబు ఒక్కదానికీ రాలేదు. అందుకే ఈసారి అర్జీ పెట్టకుండా నలుగురూ చదివేలా ఉత్తరం రాస్తున్నాను.

మిల్లు పేరు గానీ, కొన్నవారి పేరు గానీ ఇందులో రాయను. ఒకరి మీద కక్ష తీర్చుకోవాలన్న ఉద్దేశం నాకు లేదు. మా ప్రాంతంలో ప్రభుత్వం చేతిలో ఇంకా కొన్ని సంస్థలు మిగిలి ఉన్నాయి. ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, మంగంపేటలో ముగ్గురాయి గనులు ఉన్నాయి, పట్టణాల్లో ఆర్టీసీ డిపోలు ఉన్నాయి. వీటిలో దేని మీద రేపు ఏ నిర్ణయం తీసుకున్నా, మా మిల్లుకు జరిగింది దానికి జరగకూడదు. నా తాపత్రయమంతా అదే.

అమ్మడమే తప్పని నేను అనడం లేదు. మా మిల్లు నష్టాల్లో ఉన్న మాట నిజం. నూలు వడికే రింగ్ ఫ్రేములు పాతబడిపోయాయి. పత్తి ధర మండుతున్న నెలలో కొని, నూలు ధర పడిపోయిన నెలలో అమ్మిన సందర్భాలు నా రిజిస్టర్లలోనే ఉన్నాయి. సిఫారసు ఉత్తరాలతో ఉద్యోగంలో చేరినవాళ్లు ఉన్నారు. పండుగ మరునాడు షిఫ్టుకు రానివాళ్లూ ఉన్నారు. ఆ తప్పుల్లో మా వాటా మాది. కడప జిల్లా ఎర్రగుంట్లలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సిమెంట్ కార్పొరేషన్ నడిపిన కర్మాగారాన్ని 1998లో ఇండియా సిమెంట్స్ కొన్నది. బోర్డు మారింది గాని కర్మాగారం మిగిలింది. చేతులు మారినంత మాత్రాన సంస్థ చచ్చిపోదని దాన్ని చూసినవాళ్లం ఒప్పుకోవాలి. అమ్మకమంటే సంతకం పెట్టి, ఫొటో దిగి, ఫైలు మూసేసే పని అనుకుంటున్నారే, దాని మీదే మా ఫిర్యాదు.

మా మిల్లులో ఏం జరిగిందో కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

విలువ కట్టడానికి వచ్చినవారు ఒకటిన్నర రోజు ఉన్నారు. ఇద్దరు యువకులు, మర్యాదస్తులు. మొదటిరోజు ఉదయం పత్తిని విడదీసి శుభ్రం చేసే బ్లో రూముతో మొదలుపెట్టి మధ్యాహ్నానికి స్టోర్సుకు చేరారు. స్టోర్సులో ఒక్కో వస్తువుకు ఒక్కో బిన్ కార్డు ఉంటుంది. ఎన్ని వచ్చాయి, ఎన్ని ఏ సెక్షనుకు పోయాయి, ఎన్ని మిగిలాయి, అన్నీ దాని మీద రాసి ఉంటాయి. అప్పుడు నా దగ్గర రెండు వేలకు పైగా కార్డులున్నాయి. వాళ్లు చూసినవి నలభై ఉంటాయేమో. ఒక మూలన గోనెపట్టా కప్పిన ఆరు మోటార్లు ఉన్నాయి. వాటిలో నాలుగింటికి రెండు నెలల ముందే కొత్త రాగి తీగ చుట్టించాం. ఆ బిల్లు తీసి చూపించాను. వాళ్ల కాగితంలో అప్పటికే ‘పాత మోటార్లు, తుక్కు’ అని రాసి ఉంది, పక్కన కిలోల గడి ఉంది. ‘కాటా మీద పెట్టించండి’ అన్నారు. స్విచ్ వేస్తే తిరిగే మోటారును ఇనుముగా తూచడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. కాటా మీద ముల్లు ఊగి నిలబడేదాకా మా హెల్పరు ఒక్క మాట మాట్లాడలేదు. బరువు చదివి చెప్పింది నేనే.

అప్పగింత జాబితా అరవై నాలుగు పేజీలు వచ్చింది. ప్రతి పేజీ అడుగున రెండు గళ్లున్నాయి. ‘అప్పగించినవారు’ అన్న గడిలో అరవై నాలుగు సార్లు సంతకం చేశాను. ‘స్వీకరించినవారు’ అన్న గడి ఖాళీగా ఉంది. అడిగితే తరువాత చేస్తారని చెప్పారు. ఆ గడి ఈనాటికీ ఖాళీయే.

అమ్మకానికి ముందు మేం 412 మందిమి. 126 మంది స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని వెళ్లిపోయారు. మిగిలిన 286 మందిమి కొత్త యాజమాన్యం కిందికి వచ్చాం. మూడేళ్ల వరకు ఎవరినీ తీసేయకూడదని, యంత్రాలను ఆధునికం చేయాలని షరతులు రాశారు. మిల్లు పద్నాలుగు నెలలు నడిచింది. తరువాత కరెంటు బిల్లు కట్టలేదని సరఫరా ఆపేశారు. మూసివేత నోటీసు అంటించలేదు, పని లేదని మాత్రం చెప్పారు. కొన్నాళ్లకు లారీలు వచ్చి ఫ్రేములు ఎత్తుకుపోయాయి. మేం ఒప్పందం ప్రతి సంపాదించి చదివాం. షరతులన్నీ ఉన్నాయి. వాటిని అమలు చేయించే బాధ్యత ఎవరిదో మాత్రం ఎక్కడా లేదు. అమ్మకాల కోసం పెట్టిన విభాగానికి వెళితే, అమ్మకం పూర్తయింది కాబట్టి ఫైలు ముగిసిందన్నారు. కొన్నేళ్ల తరువాత వెళితే ఆ విభాగమే లేదు.

ఉద్యోగం పోయాక జిల్లా గ్రంథాలయంలో కూర్చుని, మా యూనియన్ తరఫున వాదించిన వకీలు గారిని అడిగి, ఇతర చోట్ల ఇలాంటి అమ్మకాలు ఎలా జరిగాయో తెలుసుకుంటూ వచ్చాను. దాన్నిబట్టి, మా అనుభవాన్నిబట్టి ఈ కింది విషయాలు మీ ముందు పెడుతున్నాను.

1. సంతకం తరువాతి కాపలా.

నిజాం షుగర్స్ సంగతి ఉమ్మడి రాష్ట్రంలో బతికిన వాళ్లందరికీ తెలుసు. 2002లో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి ఫ్యాక్టరీలను 51 శాతం ప్రైవేటు వాటాతో, 49 శాతం ప్రభుత్వ వాటాతో ఉమ్మడి సంస్థగా మార్చారు. ఇంచుమించు సగం వాటా ప్రభుత్వానిదే. అయినా 2015 డిసెంబరులో లే ఆఫ్ (పని ఆపివేత) ప్రకటించి మూడింటినీ మూసేస్తే ఆ వాటా అడ్డుపడలేకపోయింది. చెరకు రైతులు, కార్మికులు ఏళ్ల తరబడి రోడ్డెక్కారు. కాగితం మీద వాటా ఉంటే సరిపోదు, ఆ వాటా తరఫున గేటు దాటి లోపలికి వెళ్లి చూసే మనిషి కావాలి.

ఆఫ్రికాలో జాంబియా దేశం కూడా ఈ దారిలోనే దెబ్బతిన్నది. 1997 నుంచి 2000 వరకు తన రాగి గనుల సంస్థను ముక్కలు చేసి అమ్మింది. రాయల్టీని 0.6 శాతానికి దించుతూ రాసుకున్న ఒప్పందాలను సొంత ప్రజలకే చూపించలేదు. పెద్ద గనులను కొన్న ఆంగ్లో అమెరికన్ సంస్థ 2002లో వదిలేసి వెళ్లిపోయింది. 2004లో కొంకోలా అనే ఆ గనుల్లోనే మన వేదాంత సంస్థ మెజారిటీ వాటా కొన్నది. 2019లో ప్రభుత్వం వాటిని లిక్విడేటరు (ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే అధికారి) చేతిలో పెట్టింది. ఒక్క గని ఇన్ని చేతులు మారుతుంటే, ప్రతిసారీ ఈ కొత్తవాళ్లు జీతం ఇస్తారా అని కార్మికుడు గేటు దగ్గర నిలబడి ఎదురుచూశాడు. ఆ నిలబడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మా కోరిక: ఏ సంస్థను అమ్మినా, అది ఉన్న జిల్లాలోనే షరతుల అమలును చూసే అధికారిని పదేళ్లకు తగ్గకుండా నియమించండి. ఆయన పేరు, హోదా ఒప్పందంలోనే రాయండి. ఆయన బదిలీ అయితే ఆ స్థానంలో ఎవరు వచ్చారో ప్రకటించండి. కొన్నవారి నుంచి బ్యాంకు గ్యారంటీ తీసుకుని, షరతు నెరవేరిన కొద్దీ విడతలుగా వదలండి. షరతు తప్పితే సంస్థను తిరిగి తీసుకునే హక్కు ఒప్పందంలో ఉండాలి. ఏడాదికి ఒకసారి ఆ అధికారి నివేదికను తెలుగులో అచ్చువేసి మునిసిపల్ కార్యాలయం గోడకు అంటించాలి.

2. విలువ కట్టడం.

మోటార్ల సంగతి చెప్పాను. చిన్న విషయంగా కనబడవచ్చు. ముంబై విమానాశ్రయం దగ్గరి సెంటార్ హోటల్ మాత్రం చిన్నది కాదు. 2002లో 83 కోట్ల రూపాయలకు ప్రభుత్వం నుంచి కొన్నవారు కొద్ది నెలల్లోనే దాన్ని 115 కోట్లకు మరొకరికి అమ్మేశారు. మధ్యలో గోడలకు సున్నం వేసేంత సమయం కూడా లేదు. ఆ 32 కోట్లు ప్రజలవి.

భూమి మరీ ముఖ్యం. రాయలసీమలో ఇలాంటి సంస్థలకు భూమి ఎలా వచ్చింది? రైతులు తక్కువ ధరకు ఇచ్చారు, పిల్లలకు ఉద్యోగం వస్తుందన్న ఆశతో ఇచ్చారు. మా మిల్లు స్థలంలో ఇప్పుడు సగం ప్లాట్లు, సగం గోదాములు. భూమి ఇచ్చిన రైతు మనవడు ఆ గోదాములోనే కూలికి బస్తాలు మోస్తున్నాడు. నడిచే మిల్లు ధరకు ఇంటి స్థలాలు కొనుక్కోవడం లాభసాటి అని తెలిసినవాడు మిల్లు ఎందుకు నడుపుతాడు? విదేశీ ఫోన్ సేవలు నడిపిన ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్‌ను 2002లో టాటాలకు అమ్మినప్పుడు 773 ఎకరాల మిగులు భూమిని అమ్మకం నుంచి విడదీయాలని రాసుకున్నారు. మంచి ఆలోచన. అయినా ఆ విడదీత తేలడానికి పదహారేళ్లు దాటింది. ముందే చేయవలసిన పనిని తరువాత చేద్దామని వదిలితే అంత ఆలస్యం అవుతుంది.

మా కోరిక: ఆస్తుల జాబితాను టెండరుకు అరవై రోజుల ముందు స్థానికంగా బయటపెట్టండి. అందులో పనిచేసేవాళ్లు తప్పులు చెప్పడానికి అవకాశం ఇవ్వండి. ఏ యంత్రం తిరుగుతుందో, ఏది తిరగదో మాకంటే బాగా తెలిసినవారు లేరు. మిగులు భూమిని అమ్మకానికి ముందే వేరు చేయండి. మిగతా భూమిని పరిశ్రమకు తప్ప మరో పనికి వాడకూడదని రిజిస్ట్రేషన్ దస్తావేజులోనే రాయండి.

3. కొనేది ఎవరు?

దక్షిణ అమెరికాలో చిలీ దేశం 1970లలో తన సంస్థలను చాలావరకు అప్పు మీదే వ్యాపార సమూహాలకు కట్టబెట్టింది. 1982 సంక్షోభంలో ఆ సమూహాలు కుప్పకూలాయి. 1983లో ప్రభుత్వమే పెద్ద బ్యాంకులను తిరిగి తన అదుపులోకి తీసుకోవలసి వచ్చింది. ఆ తరువాత రెండోసారి అమ్మవలసి వచ్చింది. బొలీవియాలోని కొచబాంబా నగరపు నీటి సరఫరాకు 1999లో ఒకే ఒక్క బిడ్డు వచ్చింది. అయినా నలభై ఏళ్లకు రాసిచ్చారు. నీటి బిల్లులు పెరిగాయి, జనం తిరగబడ్డారు, 2000 ఏప్రిల్‌లో ఒప్పందం రద్దు చేశారు. కుళాయి దగ్గర బిందెతో నిలబడే ఆడవాళ్లను ఎవరూ అడగకుండా రాసిన ఒప్పందం ఏడాది కూడా నిలవలేదు.

మా కోరిక: ఒకే బిడ్డు వస్తే అమ్మకం ఆపండి. కొనేవారు ఆ పరిశ్రమను ఇంతకు ముందు నడిపారా లేదా చూడండి. కొనే సొమ్ము సొంతదా, ఆ సంస్థ ఆస్తినే తాకట్టు పెట్టి తెచ్చేదా తేల్చండి. మా మిల్లు కొన్నవారు అంతకు ముందు ఒక్క కదురు కూడా తిప్పినవారు కాదు.

4. కార్మికుల బకాయిలు.

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

అమ్మకం నాటికి నా వేతనం కరువు భత్యంతో కలిపి 5,200 రూపాయలు. గ్రాట్యుటీ చట్టం ప్రకారం ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల వేతనం, నెలకు ఇరవై ఆరు రోజుల లెక్కన. అంటే ఏడాదికి 3,000 రూపాయలు. పంతొమ్మిదేళ్లకు 57,000. ఈ లెక్కలో ఎవరికీ వివాదం లేదు. ఎవరు ఇవ్వాలన్న దగ్గరే ఆగింది. కొన్నవారిని అడిగితే, ‘ఆ పంతొమ్మిదేళ్లు మీరు ప్రభుత్వానికి చేశారు, అక్కడికే వెళ్లండి’ అన్నారు. కార్యాలయంలో అడిగితే, ‘ఆస్తులతో పాటు బాధ్యతలూ బదిలీ అయ్యాయి, వారినే అడగండి’ అన్నారు. సంస్థ చేతులు మారినప్పుడు కార్మికుడి సర్వీసు తెగిపోకూడదని, తెగితే పరిహారం ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 25-ఎఫ్ఎఫ్ సెక్షను చెప్పింది. అప్పుడు చట్టం ఉంది. మాకు దాన్ని అమలు చేసి పెట్టేవారు దొరకలేదు. ఈలోగా కొన్న కంపెనీ దివాలా అయింది. 286 మందిలో ఇప్పటికి డెబ్బై మందికి పైగా చనిపోయారు. వాళ్ల భార్యలు మొన్నటి దాకా నెలకోసారి మా ఇంటికి వచ్చి ‘ఏమైనా తెలిసిందా అన్నా’ అని అడిగేవారు. ఇప్పుడు రావడం మానేశారు.

నా పింఛను ఈపీఎస్-95 (ఉద్యోగుల పింఛను పథకం) కింద నెలకు వెయ్యి రూపాయల చిల్లర. కనీస పింఛను 2014 నుంచి వెయ్యి దగ్గరే ఉంది. మందులకే చాలదు. యాభై ఏడు వేలు ఈ రోజు మీకు చిన్న మొత్తం. 2004లో అది మా ఇంటికి పైకప్పు.

బకాయిలను ముందే తీర్చే పద్ధతి మన దేశంలోనే ఉంది. ఒడిశాలోని నీలాచల్ ఇస్పాత్ ఉక్కు కర్మాగారం 2020లో మూతపడింది. 2022లో 12,100 కోట్ల రూపాయలకు టాటా స్టీల్ అనుబంధ సంస్థ కొన్నది. ఆ సొమ్ములోంచే ఉద్యోగుల బకాయిలు, ఇతర అప్పులు తీర్చేలా ఏర్పాటు చేశారు. అదే ఏడాది ఉత్పత్తి తిరిగి మొదలైంది. అక్కడ చేయగలిగింది ఇక్కడ ఎందుకు చేయలేరు?

మా కోరికలు: ఒకటి, గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్, సెలవుల సొమ్ము అమ్మకం నాటికి లెక్కకట్టి, కొనేవారు చెల్లించే మొదటి రూపాయిలోంచి కార్మికుల ఖాతాల్లో వేయండి. రెండు, సర్వీసు రిజిస్టరు నకలు ప్రతి కార్మికుడికీ సంతకంతో ఇవ్వండి. మా రికార్డులు లారీల్లో ఎటు పోయాయో ఈనాటికీ తేలలేదు. మూడు, గతంలో అమ్మిన సంస్థల్లో ఇలా మధ్యలో చిక్కుకున్న పాత సర్వీసు బకాయిలను ప్రభుత్వమే ముందు చెల్లించి, తరువాత కొన్నవారి నుంచి వసూలు చేసుకోవాలి. దివాలా చట్టంలో లిక్విడేషనుకు ముందు 24 నెలల కార్మిక బకాయిలకే తాకట్టు రుణదాతలతో సమాన స్థానం ఉంది. అంతకంటే పాతవి వెనక్కి పోతాయి. ఆ వరుసలో మా వంతు వచ్చేసరికి మేం ఉండం.

5. మీ లెక్కలో లేనివాళ్లు.

412 అన్న సంఖ్యలో క్యాంటీను వాళ్లు లేరు, బేళ్లు దించిన హమాలీలు లేరు, పనికి రానివారి బదులు పిలిచే బద్లీ కార్మికులు లేరు. రీలింగ్ సెక్షనులో నూలును చిలపలుగా, అంటే కట్టలుగా, చుట్టే ఆడవాళ్లలో ఎక్కువమంది బద్లీ కిందే ఉండేవారు. వాళ్లలో ఒకామెను మేమంతా పెద్దమ్మ అని పిలిచేవాళ్లం. నూలు పోగును రెండు వేళ్ల మధ్య నలిపి, కళ్లతో చూడకుండానే ఎన్నో నంబరు నూలో చెప్పేది. ల్యాబులో పరీక్షించి చూస్తే ఆమె చెప్పిందే వచ్చేది. అంతటి నేర్పు ఉన్న చేతికి మిల్లు పోయాక మిగిలింది గుంటూరు వైపు మిరప కోతలు. కోసిగి, ఆదోని, మంత్రాలయం ప్రాంతాల నుంచి ఏటా వలస వెళ్లే బస్సుల్లో ఆమె కూతురు కూడా వెళ్లింది, చంకన పిల్లవాడితో. ఆ పిల్లవాడు ఏ బడిలోనూ ఒక ఏడాది పూర్తిగా చదవలేదు. అమ్మకం వల్ల ప్రభుత్వానికి ఎంత మిగిలిందో లెక్క వేసినప్పుడు ఆ పిల్లవాడి చదువు ఏ పద్దులో రాశారు?

మా చిలపల నూలు యెమ్మిగనూరు మగ్గాలకు వెళ్లేది. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. పక్కన మిల్లు ఉన్నంతకాలం నేతగానికి నూలు ఆటోలో వచ్చేది. మిల్లు పోయాక వ్యాపారి చెప్పిన ధరకు, వ్యాపారి ఇచ్చినప్పుడు తీసుకోవలసి వచ్చింది. ఒక సంస్థ మూతపడితే దాని మీద ఆధారపడిన మరో వృత్తి ఎంత కుంటుపడుతుందో రాయడానికి విలువ కట్టే కాగితాల్లో గడి ఉండదు. జాంబియా గనుల ఊళ్లలో ఆసుపత్రులు, బడులు కూడా గనుల సంస్థే నడిపేది. అమ్మకం తరువాత అవన్నీ ఎవరు చూడాలన్న ప్రశ్న ఆ ఊళ్ల మీద పడింది.

మా కోరిక: అమ్మకానికి ముందు ఊరి మీద పడే ప్రభావాన్ని అధ్యయనం చేయించండి. కాంట్రాక్టు, బద్లీ కార్మికుల పేర్లు జాబితాలో చేర్చండి. ఉద్యోగం పోయే ప్రతి మనిషికీ ఏడాది పాటు బతుకు భృతి ఇవ్వండి, అదే ప్రాంతంలో పనికొచ్చే శిక్షణ ఇప్పించండి. మాకు శిక్షణ పేరుతో మూడు రోజులు కొవ్వొత్తుల తయారీ నేర్పించారు.

6. చట్టం ఇచ్చే రక్షణ తగ్గింది.

పాత చట్టం ప్రకారం వంద మంది, అంతకు మించి కార్మికులు ఉన్న ఫ్యాక్టరీని మూయాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరిగా ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ సంఖ్యను 300కు పెంచింది. మేం 286 మందిమి. ఈ రోజు మా మిల్లును మూయాలంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాబట్టి మీరు అమ్మే ప్రతి సంస్థ ఒప్పందంలో, కార్మికుల సంఖ్యతో పని లేకుండా, ముందస్తు అనుమతి షరతు విడిగా రాయాలి.

7. అమ్మరు, నడపరు.

దీన్ని చెప్పకపోతే నా మాట ఒకవైపే ఉన్నట్టవుతుంది. అమ్మకాన్ని ఆపినంత మాత్రాన సంస్థ బతకదు. పాకిస్తాన్ స్టీల్ మిల్స్ అమ్మకం తొందరపాటుతో జరిగిందని 2006లో అక్కడి సుప్రీంకోర్టు రద్దు చేసింది. ఆ తరువాత దాన్ని సరిగా నడిపినవారు లేరు. 2015లో ఉత్పత్తి ఆగిపోయింది. అప్పటి అనంతపురం జిల్లా రామగిరి బంగారు గనులను నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ 2001లో మూతపడింది. విశాఖ ఉక్కును వంద శాతం అమ్మడానికి కేంద్రం 2021 జనవరి 27న సూత్రప్రాయంగా ఒప్పుకుంది. నాలుగేళ్ల తరువాత, 2025 జనవరిలో, 11,440 కోట్ల రూపాయల సాయం ప్రకటించింది. ఆ నాలుగేళ్లు అక్కడి కార్మికుల మనసు ఎలా ఉండి ఉంటుందో ఊహించగలను. మా మిల్లు కూడా అమ్మకం మాట వచ్చాక రెండేళ్లు అలాగే వేలాడింది. స్టోర్సుకు విడిభాగాల కొనుగోలు ఆపేశారు. అమ్మబోయే మిల్లుకు బేరింగు ఎందుకన్నారు. బేరింగు లేక ఆగిన ఫ్రేమును చూపించి, మిల్లు పనికిరాదని ధర తగ్గించారు.

మా కోరిక: అమ్మాలా వద్దా అన్నది ఏడాదిలోగా తేల్చండి. తేలేదాకా జీతాలు, విడిభాగాలు, ముడిసరుకు ఆపకండి.

8. వచ్చిన సొమ్ము లెక్క.

అమ్మగా వచ్చిన సొమ్ము ఎంత, దేనికి ఖర్చు చేశారు, శాసనసభ ముందు విడి పద్దుగా పెట్టండి. అందులో కొంత భాగం ఆ సంస్థ ఉన్న ప్రాంతానికే రావాలి.

అయ్యా, అమ్మా,

1998లో ప్రపంచ బ్యాంకు రుణంతో మన రాష్ట్రంలో మొదలైన ఆర్థిక సంస్కరణల్లో ప్రభుత్వ సంస్థల విక్రయం ఒక భాగం. అప్పుడు మాకెవరూ ఏమీ చెప్పలేదు. ప్రభుత్వ అల్యూమినియం సంస్థ బాల్కోను అమ్మినందుకు దాని కార్మికులు 2001లో అరవై ఏడు రోజులు సమ్మె చేశారు. ఆ ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు, ఇలాంటి విధాన నిర్ణయానికి ముందు ఉద్యోగుల వాదన వినవలసిన బాధ్యత ప్రభుత్వానికి లేదని తీర్పు ఇచ్చింది. తీర్పును గౌరవిస్తాను. కాని చట్టం బలవంతం లేకపోయినా అడగడానికి మీకు అడ్డేమీ లేదు. ఇద్దరు కార్మిక ప్రతినిధులను కూర్చోబెట్టుకుని ఒక పూట మాట్లాడితే మోటార్ల సంగతి తెలిసేది, బేరింగు సంగతి తెలిసేది, కొన్నవారికి నూలు గురించి ఏమీ తెలియదన్న సంగతీ తెలిసేది.

ఈ ఎనిమిది అంశాల మీద తొంభై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాను. ఒప్పుకున్నవి ఏవో, ఒప్పుకోనివి ఏవో, ఎందుకో రాయండి. జవాబు రాకపోతే మిగిలిన కార్మికులం, చనిపోయినవారి కుటుంబాలు కలిసి కర్నూలులో రిలే నిరాహార దీక్షకు కూర్చుంటాం. మాలో చాలామంది డెబ్బైకి దగ్గరపడ్డారు.

మరొక విషయం. బిన్ కార్డులు, అరవై నాలుగు పేజీల అప్పగింత జాబితా మా ఇంట్లో ఇనుపపెట్టెలో ఉన్నాయి. చెదలు పట్టకుండా ఏటా ఎండలో వేసి, వేపాకు పరిచి దాచాను. అవి ప్రభుత్వ రికార్డులు, నా సొత్తు కాదు. వాటిని ఏ అధికారికి అప్పగించాలో తెలియజేయండి. స్వయంగా తెచ్చి ఇస్తాను. ఈసారి రెండో గడిలో సంతకం తీసుకున్నాకే ఇస్తాను.

విధేయుడు,
ఒక ప్రభుత్వ నూలు మిల్లు మాజీ స్టోర్ కీపరు,
కర్నూలు జిల్లా